తెర తిప్పిన చెయ్యి

ముకుంద్ మళ్ళీ ఆ కథే మొదలుపెట్టాడు. ఈసారి రసం గిన్నె ఓడ అయింది, అప్పడం ముక్క చేపల పడవ అయింది. ఆ ఇంట్లో ఓడను తమిళంలో లాగే కప్పలు అంటారు.

“ఇదిగో అవ్వా, మా కప్పలు ఇట్ల పోతా ఉండాది. వాన అంటే అట్లాంటిట్లాంటి వాన కాదు, ముందర ఏముండాదో ఒకటీ తెలీలేదు. ‘అభీ, పడవ ఏ పక్క ఉండాది?’ అని అడిగినాను. ఇది రాడార్లోకి తొంగి చూసి ‘లెఫ్టులో సార్’ అనింది. సరి అని కప్పల్ని రైటుకు తిప్పినాను. ఆడ చూస్తే…” అప్పడాన్ని గిన్నెకు తగిలించి పటుక్కున విరిచాడు. “రైటులోనే నిలబడి ఉండాది పడవ!”

పంక్తిలో అందరూ నవ్వారు. వల్లియమ్మాళ్ అత్త కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది. ముకుంద్ ఆమె కొడుకు, వాడు ఏం చెప్పినా ఆమెకు నవ్వు వస్తుంది. సుందరవల్లి అవ్వ పళ్ళు లేని నోరు తెరిచి నవ్వింది. వాళ్ళు నవ్వినందుకు అభిరామికి కోపం రాలేదు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నాయిన వెంకటరామ కూడా నవ్వాడు చూడండి, అప్పుడు వచ్చింది.

“కొండ పక్క తల పెట్టి చూసింటాది లే,” అన్నాడు ముకుంద్. “సముద్రంలో కొండ యాడుండాది? పావం.”

మళ్ళీ నవ్వులు. వాళ్ళుండే తమిళనాడు రాజపాళయంలో తలుపు తీస్తే పడమట కొండ కనిపిస్తుంది. ఎవరికి దారి చెప్పాలన్నా కొండను చూపించే మొదలుపెడతారు. కాగితం మీద ఇంటి ప్లాను గీసినా కొండను పైన పెట్టి గీస్తారు. ఓడ పని నేర్పే కాలేజీలో చేరిన కొత్తలో అభిరామి సముద్రపు మ్యాపును అలాగే గీసి తిట్లు తిన్నది. ఆ సంగతి బావే కదా అని తనే ముకుంద్‌కు చెప్పుకుంది. ఇప్పుడు దాన్ని తెచ్చి పంక్తిలో వడ్డిస్తున్నాడు.

“బావా, తెర తిప్పింది ఎవురు?” అని అడిగింది.

“ఏమి తెర?”

“రాడార్ తెర. నేను బయటికి పోయి వచ్చేలోపల దాన్ని తిప్పింది ఎవురు?”

“చూడవ్వా, నేను చెప్పలా? కోవం వచ్చేసినాది.”

“తినేటప్పుడు ఏంటికే ఈ పేచ్చు, ఈ మాటలు?” అన్నాడు నాయిన.

అమ్మ పుష్పం, ముకుంద్ ఆకు దాకా వచ్చిన పాయసం గరిటెను అలాగే గిన్నెలో ముంచేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అభిరామి కూడా లేచింది. సగం అన్నం ఆకులోనే ఉండిపోయింది. పెరట్లో చెయ్యి కడుక్కుంటూ ఉంటే నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో కూడా ఆమెకు కనిపించలేదు.

ఆ ఇంటి నుంచి ఓడ ఎక్కిన మొదటి ఆడపిల్ల ఆమె. ఇంకా అధికారి కాలేదు, అధికారి పని నేర్చుకునే కేడెట్. అదే ఓడలో ముకుంద్ థర్డ్ ఆఫీసరు. తూత్తుకుడి నుంచి బయలుదేరి దక్షిణానికి పోతున్న రోజు పొద్దున అతని డ్యూటీలో ఆమె పక్కన నిలబడింది.

రాడార్ తెర మీద ఓడ నడిమధ్యలో ఉంటుంది. చుట్టూ ఉన్న పడవలు, ఓడలు వెలిగే చుక్కల్లా కనిపిస్తాయి. ఆ బొమ్మను రెండు రకాలుగా పెట్టుకోవచ్చు. ఒకటి, ఉత్తరం ఎప్పుడూ పైన ఉండేట్టు. అప్పుడు ఓడ ఎటు తిరిగినా బొమ్మ కదలదు, మ్యాపులో ఉన్నట్టే ఉంటుంది. రెండోది, ఓడ ముక్కు ఎప్పుడూ పైన ఉండేట్టు. కిటికీలోంచి చూస్తే ఏది కుడిపక్క ఉంటుందో తెరమీదా అదే కుడిపక్క ఉంటుంది. దేని సుఖం దానిది. ఏది పెట్టామో తెలిసి ఉండాలి, అంతే. ఉత్తరానికి పోతున్నప్పుడు రెండూ ఒకటే. దక్షిణానికి పోతున్నప్పుడు మాత్రం ఒకదానిలో కుడి ఇంకోదానిలో ఎడమ అవుతుంది.

డ్యూటీ మొదట్లో తెర ఉత్తరం పైకి ఉంది. అభిరామి తనే చూసి పెట్టుకుంది. వాన ముసురుకోగానే ముకుంద్ ఆమెను బైనాక్యులర్ ఇచ్చి గది పక్కన బయటికి ఉండే వసారా లాంటి రెక్కలోకి పంపాడు. తడిసి ముద్దై లోపలికి వచ్చేసరికి, “ఏ పక్క? ఏ పక్క? చెప్పు, చెప్పు!” అని కేకలు పెట్టాడు. తెరమీద చుక్క కుడివైపు ఉంది. ఉత్తరం పైన ఉంటే కుడివైపు తూర్పు. దక్షిణానికి పోయే ఓడకు తూర్పు ఎడమచెయ్యి. “లెఫ్టులో సార్,” అంది.

ఆ లోపల అతను తెరను ముక్కు పైకి తిప్పేశాడు. చెప్పలేదు. కుడివైపు కనిపించేది నిజంగానే కుడివైపు ఉంది. అతను ఓడను కుడికి తిప్పగానే తెరమీద బొమ్మంతా గిర్రున తిరిగి, చుక్కలన్నీ తడి సున్నం మీద చెయ్యి రాసినట్టు చెదిరిపోయాయి. వానలోంచి ఒక పడవ బయటపడింది. అందులో ఒక మనిషి ఎర్ర లుంగీ విప్పి ఊపుతున్నాడు. చివరి నిమిషంలో ఓడ ఎడమకు మళ్ళింది. పడవ వల తెగింది కానీ మనుషులు దక్కారు.

ముకుంద్ ఆ సంగతి ఓడ కెప్టెన్‌కు చెప్పలేదు, రికార్డింగు దాచే బటన్ నొక్కలేదు. పడవవాళ్ళ ఫిర్యాదు కంపెనీకి చేరేసరికి పాత రికార్డింగు మీద కొత్తది పడిపోయింది. ఇక మిగిలింది రెండు నోళ్ళు. ఆ రెండు నోళ్ళనూ లీవు మీద ఇంటికి పంపారు.

ఈ రోజు సాయంత్రం కంపెనీ తరఫున విచారించే కెప్టెన్ అరవిందన్ ఫోన్ చేస్తాడు. ఆయన చెప్పిందే ఆఖరు. తప్పంతా కేడెట్‌దే అని తేలితే అభిరామికి ఇంకో ఓడ ఇవ్వరు. ఓడ ఇవ్వకపోతే సముద్రంలో ఉండాల్సిన కాలం పూర్తికాదు, పరీక్ష రాయనివ్వరు. అక్కడితో సరి.

“నువ్వేం బయపడొద్దు,” అని ముకుంద్ పొద్దున్నుంచీ చెబుతున్నాడు. “కేడెట్ తప్పంటే సుమ్మా ఊరికే అడ్వైస్ చేసి వదిలేస్తారు. నా తప్పంటేనే నా ప్రమోషన్ పోతాది.”

అబద్ధం. అంతకు ముందు ఉన్న కేడెట్‌ను ఇంతకంటే చిన్న తప్పుకు పెట్టె సర్ది ఇంటికి పంపిన సంగతి అభిరామికి తెలుసు, ముకుంద్‌కూ తెలుసు.

భోజనాలు అయ్యాక అందరూ తోపుకు బయలుదేరారు. కాయలు దించే రోజులు. అవ్వ మామిడి కాయలు ఏరకపోతే ఆ సంవత్సరం కాయలకు రుచి రాదని అవ్వ నమ్మకం, అందుకని ఆమెనూ కారెక్కించారు.

ఆ తోపులో ఒక కట్టుబాటు ఉంది. చెట్టెక్కినవాడికి కిందివాళ్ళు ఎడమ, కుడి అని చెప్పకూడదు. పైవాడు ఒక ముఖంగా ఉంటాడు, కిందివాడు ఇంకో ముఖంగా ఉంటాడు. కొమ్మ మారితే పైవాడి ముఖం కూడా మారుతుంది. అందుకని కొండ పక్క, ఊరు పక్క, మంసాపురం పక్క, తళవాయిపురం పక్క, అంటే పడమర, తూర్పు, ఉత్తరం, దక్షిణం, ఈ నాలుగే మాటలు. మాటలు రాని పిల్లలకు కూడా ఆ ఇంట్లో ముందు అవే నేర్పుతారు. ముకుంద్ కూడా ఆ తోపులో పెరిగినవాడే.

నాయిన దోటి పట్టుకుని చెట్టెక్కాడు. దోటి చివర వల సంచి ఉంటుంది, కాయ అందులో పడాలి. ముకుంద్ కింద నిలబడి కాయలు చూపిస్తున్నాడు. “మామా, కొండ పక్క కొమ్మలో… ఇంకొంచెం… ఆ!” బాగానే సాగింది. అంతలో ఫోన్ మోగింది. మాట్లాడుతూ నాలుగడుగులు అటూ ఇటూ తిరిగి వచ్చి, ఫోన్ చెవికి ఆనించుకునే పైకి చూశాడు. మంసాపురం పక్క కొమ్మకు కందిరీగల గూడు వేలాడుతోంది. తళవాయిపురం పక్క కొమ్మకు గుత్తులు గుత్తులుగా కాయలు.

“మామా, ఆడ కొళవి గూడు ఉండాది, లెఫ్టుకు పో! లెఫ్టుకు!” అని అరిచాడు.

ముకుంద్ కొండవైపు ముఖంగా ఉన్నాడు. నాయిన ఊరివైపు ముఖంగా ఉన్నాడు. నాయిన తన ఎడమకు వంగి దోటి చాచాడు.

కందిరీగలు పొగలా లేచాయి. నాయిన చెట్టు దిగాడో జారాడో ఎవరికీ తెలియలేదు. తలకు తువ్వాలు చుట్టుకుని పంపుసెట్టు తొట్టిలోకి దూకాడు. అత్త చీర కొంగు కప్పుకుని కారులో దూరింది. ముకుంద్ అందరికంటే ముందే కారులో ఉన్నాడు.

గోల అణగాక అవ్వ వక్కాకు పెట్టెలోంచి సున్నం తీసి కొడుకు చేతులకు, చెవికి, కింది పెదవికి పూసింది. పెదవి అప్పటికే వంకాయంత అయింది.

“తోపులో లెఫ్టు రైటు అని కూసినవాడు ఎవుర్రా?” అంది అవ్వ.

“నాకు లెఫ్టే కదవ్వా అది!” అన్నాడు ముకుంద్. “నేను సరిగ్గానే చెప్పినాను. మామ తప్పుగా తిరిగినాడు.”

అప్పటిదాకా సున్నం గిన్నె పట్టుకుని నిలబడ్డ అభిరామి దాన్ని నేలకేసి కొట్టింది.

“ఇదే! ఇదే బావా నువ్వు కప్పల్లో చేసినాది. అంతవరకూ కొండ పక్క, ఊరు పక్క అని చెప్తా ఉండి, నడమ నీకు ఇష్టం వచ్చినట్ల మార్చేసినావు. మార్చినట్ల చెప్పలేదు. పైన ఉండేవాడు కుట్టించుకున్నాడు, నీకు మాత్రం నువ్వు సరి! ఆ పొద్దు నేను, ఈ పొద్దు మా నాయిన. కార్లో దూరి తలుపేసుకునేదానికి మాత్రం నీకు ఏ పక్కో బాగా తెలుసు!”

“అభీ, మాట అణుచుకో,” అంది అత్త కారులోంచి.

“మీరు అద్దం దించి మాట్లాడండత్తా. కొళవులు పోయినాయి.”

అవ్వ నేలమీద చిందిన సున్నాన్ని వేలితో ఎత్తి మళ్ళీ పెట్టెలో వేసుకుంటూ మనవడి వైపు చాలాసేపు చూసింది.

తిరిగి పోయేముందు నాయిన ఆమెను తొట్టి దగ్గరికి పిలిచాడు. వాచిన పెదవితో మాట ముద్దగా వస్తోంది.

“నాకు అర్థమైపోయినాది,” అన్నాడు. “వాడే తిప్పినాడు.”

అభిరామికి గుండె తేలికైంది. అది ఒక్క క్షణమే.

“అయినా నువ్వు నీ తప్పే అని చెప్పేసెయ్యి.”

“ఏంటికి?”

“ఊరంతా వద్దు వద్దు అనినప్పుడు నిన్ను కంపెనీలో చేర్చింది వాడే కదా. మా అక్క మొకం నేను ఎట్ల చూసేది? నీకు ఇంకో దోవ దొరుకుతాది కన్నా. టీచర్ ట్రైనింగ్ ఉండాది, బేంకు పరీక్ష ఉండాది. వాడికి ఇదొకటే.”

 తెలియక నవ్విన నాయిన మీద పంక్తిలో వచ్చిన కోపం ఎంత చిన్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. తెలియక చేసినవాడిని క్షమించవచ్చు. ఈయనకు అన్నీ తెలుసు. ముఖమంతా కుట్టించుకుని, ఎవరు కుట్టించారో తెలిసి, కూతురినే పోయి గూడులో చెయ్యి పెట్టమంటున్నాడు.

“పడవలో ఉండేవాళ్ళు చచ్చిపోయి ఉంటే?” అంది. “అప్పుడు కూడా అత్త మొకమే చూస్తావా నాయినా?”

“చావలేదు కదా.”

“నీకూ కన్ను పోలేదు కదా. పో, పోయి బావకు ఇంకొంచెం పాయసం పొయ్యి!”

ఆమె కారెక్కలేదు. మట్టిదారి వెంట రోడ్డు దాకా నడిచింది. కారు వెనకే మెల్లగా వస్తూ హారన్ కొట్టింది. ఆమె పక్కకు జరగలేదు. రోడ్డు మీద బస్సెక్కి, నిలబడే ఇంటికి వచ్చింది.

ఫోన్ వచ్చేసరికి హాల్లో అందరూ కూర్చుని ఉన్నారు. ముకుంద్ ఉతికిన చొక్కా వేసుకుని ఆమెకు ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. “నేను చెప్పినట్ల చెప్పు,” అని పెదవులు కదిపాడు. అభిరామి ఫోన్‌ను అందరికీ వినపడేట్టు పెట్టి బల్లమీద ఉంచింది.

కెప్టెన్ అరవిందన్ తమిళంలోనే మాట్లాడాడు, కాబట్టి ఇంట్లో ఎవరికీ అర్థం కాకుండా పోలేదు. గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు.

“పడవ ఎడమవైపు ఉందని చెప్పింది నువ్వేనా?”

“నేనే సార్.”

ముకుంద్ కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఎందుకలా చెప్పావు?”

“తెర ఉత్తరం పైకి ఉందనుకున్నాను సార్. నేను బయటికి వెళ్ళేటప్పుడు అలాగే ఉంది. తిరిగి వచ్చేసరికి ముక్కు పైకి ఉంది.”

“ఏ రకంలో ఉందో తెర మూలలో రాసి ఉంటుంది. ఓడ ముక్కు గీత కూడా కనిపిస్తుంది. చూశావా?”

ఇదే ఆమె రోజూ మింగుతున్న ముల్లు. ఆ గీత కిందికి ఉండాల్సింది, పైకి ఉంది. చుక్కను చూసిన కన్ను పిసరంత పక్కకు జరిగితే చాలు.

“చూడలేదు సార్. చూడాల్సింది. అది నా తప్పు. ఆ తప్పు నాదేనని ఎక్కడైనా చెప్తాను.”

నాయిన ఊపిరి వదిలాడు. అత్త మెడలోని గొలుసు సర్దుకుంది.

“కానీ తెర దానంతట అది తిరగలేదు సార్,” అంది అభిరామి.   “డ్యూటీలో ఉన్న థర్డ్ ఆఫీసర్ తిప్పారు. తిప్పినట్టు నాకు చెప్పలేదు. నేను చెప్పినదాన్ని తను తెరమీద ఒకసారి సరిచూసుకోకుండానే ఓడ తిప్పారు. ఇవి రెండూ నా తప్పులు కావు. వీటిని నేను నెత్తిన వేసుకోను.”

ముకుంద్ లేచి నిలబడ్డాడు. “సార్, సార్, ఇది మా ఇంటి పిల్ల సార్, ఏదో కోపంలో…”

“మీరు అక్కడే ఉన్నారా?” అన్నాడు కెప్టెన్. “మంచిది. తెర మీరు తిప్పారా లేదా?”

ముకుంద్ వాళ్ళమ్మ వైపు చూశాడు. అత్త నాయిన వైపు చూసింది. నాయిన వాచిన పెదవిని తువ్వాలుతో కప్పుకుని నేల చూశాడు. 

“చెప్పరా,” అంది సుందరవల్లి అవ్వ, వక్కాకు నములుతూనే. “తోపులో చెప్పినావే, నేను సరిగ్గానే చెప్పినాను, వాళ్ళు తప్పుగా తిరిగినారు అని. దాన్నే సార్‌కీ చెప్పు. ఆయన కూడా విననీ.”

“ఎవరది?” అన్నాడు కెప్టెన్.

“అవ్వ సార్,” అంది అభిరామి.

 ముకుంద్ మెడ మీద చెమట కాలరులోకి దిగింది.

“తిప్పినాను సార్,” అన్నాడు. “వానలో కిటికీకి, తెరకు ఒకటే పక్కగా ఉంటే సులువని తిప్పినాను. చెప్పేదానికి టైం లేకపోయినాది.”

“‘ఏ పక్క’ అని కేకలు పెట్టడానికి టైం ఉండింది,” అంది అభిరామి.

“అమ్మాయీ, నువ్వు ఆగు,” అన్నాడు కెప్టెన్. ఆమె ఆగింది. ఆయన ఏదో రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. తరువాత చెప్పాడు. ముకుంద్ మీద విచారణ నడుస్తుంది, అది ముగిసేదాకా ప్రమోషన్ మాట లేదు. అభిరామి సోమవారం తూత్తుకుడిలో వేరే ఓడ ఎక్కాలి. ఎక్కేముందు అక్కడే ఒక పూట రాడార్ క్లాసులో మళ్ళీ కూర్చోవాలి. “ఈసారి ముందు మూల చూడు, తరువాత గీత చూడు, ఆ తరువాతే చుక్క,” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

అత్త ఆ క్షణమే లేచింది. తనకోసం కట్టి ఉంచిన మామిడికాయల బుట్టను గడప దగ్గరే వదిలేసింది. “తమ్ముడూ, నీ కూతురు కప్పల్లోనే ఉండనీ. ఈ ఇంటికి నేను రాను,” అంది. ముకుంద్ కారు ఎక్కేముందు అభిరామి వైపు వేలెత్తి ఏదో అనబోయాడు. వంటింటి తలుపు దగ్గర గరిటెతో నిలబడిన పుష్పాన్ని చూసి ఊరుకున్నాడు.

గెలిచినట్టు అభిరామికి అనిపించలేదు. పెట్టె సర్దుకుంటూ కూడా పళ్ళు బిగబట్టే ఉంది.

ఆదివారం పొద్దున బస్టాండుకు నాయినే పెట్టె మోశాడు.  తూత్తుకుడి బస్సు తలుపులోంచి పెట్టె లోపలికి తోసి, సీట్లు ఎగాదిగా చూసి, “కొండ పక్క కూర్చో, ఆ పక్క ఎండ ఉండదు,” అన్నాడు.

“బస్సు తిరగతానే ఉంటాది నాయినా. ఏ పక్క ఎండో నేను చూసుకుంటాను.” అని, ఇక ఆపుకోలేక అడిగేసింది. “ఆ పొద్దు ఫోన్ ముందర ఈ నోరు యాడ పోయినాది?”

నాయిన పెదవి తడుముకున్నాడు. ఇంకా కొంచెం వాపు ఉంది.

“వాచి ఉండె,” అన్నాడు.

కండక్టరు విజిల్ ఊదాడు. అభిరామికి నవ్వు రాలేదు. బస్సు కదిలేదాకా ఆయన కిటికీ చువ్వ పట్టుకునే నిలబడ్డాడు, ఆ చేతి మీద సున్నం మరకలు ఇంకా పోలేదు. ఆమె ఆ చెయ్యి తీసెయ్యమనలేదు. పట్టుకోనూ లేదు.